చుక్కకు నొప్పి మొదలైన వేళ

మార్చి 3

పిచ్చుకా,

నేను బాగానే ఉన్నాను. బాగుండకపోతే ఇంత గట్టిగా ఉత్తరం చెప్పించగలనా? రాస్తున్నది మన పిండిమిల్లు గుమస్తా. చెప్పింది చెప్పినట్టు రాయాలని, సొంత తెలివి కలపకూడదని ముందే మాట తీసుకున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో మాట పొగలాంటిది, ఎవరేమన్నారో తర్వాత రుజువుండదు. నాకు రుజువు కావాలి. నాది వ్యాజ్యం.

చుక్క పోయి పన్నెండు రోజులైంది. పాక ఊడ్చాను. దాణా తొట్టి బోర్లించాను. బండిని గోడకు ఆనించి నిలబెట్టాను. పంతొమ్మిదేళ్లు మిల్లు నుంచి పిండి బస్తాలు లాగిన గుర్రం. ఒక్కరోజూ నన్ను తన్నలేదు, మీ తాతకు ఆ మాట చెల్లదు.

నువ్వు పనిచేసే పశువుల ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. గుమస్తా చదివాడు. పేగు మెలిక పడి చచ్చిపోయిందట. అది సరే. కింద ఇంకో ముక్క ఉంది. ‘నెత్తురు పరీక్షలో ఒత్తిడి చాలా ఎక్కువగా కనిపించింది’ అని. రెండుసార్లు చదివించాను. ఎవరు ఒత్తారని మీ ఉద్దేశం? ఆ రోజు పాకలో ఉన్నది ఇద్దరమే, నేనూ మీ నాన్నా. నేను దాని కడుపు మీద చెయ్యి వేసి ఒత్తలేదు. ఇంకోసారి రాయమన్నాను: ఒత్తలేదు.

మేత వేసేది మీ నాన్న. ఆ మాటే ఆసుపత్రిలో చెప్పాను. అతనూ తలొంచుకుని, ‘అవునండీ, తడి పొట్టు వేశాను, బూజు పట్టిందేమో చూసుకోలేదు’ అన్నాడు. పెద్ద డాక్టరు రాసుకున్నాడు. తన నోటితో తనే ఒప్పుకున్నాక నేను కల్పించేదేముంది? ఇంటికొచ్చాక, చుక్కను చంపిన చేతులతో నా గుమ్మం ముట్టుకోవద్దన్నాను. సంచి సర్దుకుని వెళ్లాడు. నీ దగ్గరే ఉండుంటాడు, ఇంకెక్కడికి పోతాడు! తిండి పెట్టు, వద్దనను.

కానీ ఆ ఒత్తిడి ముక్క మాత్రం కాగితంలోంచి తీయించు. ముసలిదాన్ని గుర్రం కడుపు నలిపి చంపానని లోకం అనుకోవాలా?

ఇట్లు, తప్పు చెయ్యని మీ అమ్మమ్మ
(వేలిముద్ర)


మార్చి 7

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఆసుపత్రిలో, సీసాలు కడిగే తొట్టి పక్కన నిలబడి చదివాను. నవ్వొచ్చింది, తర్వాత రాలేదు.

నవ్వొచ్చిన సంగతి ముందు చెబుతాను. ఒత్తిడి అంటే ఎవరో చేత్తో ఒత్తడం కాదు. నొప్పి పుట్టినా, భయమేసినా, ఒంట్లో మూత్రపిండాల పక్కనుండే చిన్న గ్రంథులు ఒక రసాన్ని నెత్తుట్లోకి వదులుతాయి. దాన్ని మేం ఒత్తిడి హార్మోన్ అంటాం. మనిషికీ అంతే, గుర్రానికీ అంతే. రకరకాల జబ్బులతో వచ్చిన గుర్రాల్లో అది ఎంత ఉంటుందో కొలిచి పట్టిక రాయడమే ఏడాదిగా నా పని. ఇప్పటికి డెబ్బై మూడు గుర్రాలయ్యాయి. దగ్గు పట్టినవాటికి కొంచెమే పెరుగుతుంది. గిట్టలు వాచి అడుగు మోపలేని వాటికి బాగా పెరుగుతుంది. పేగు మెలిక పడినవాటికి అన్నిటికంటే ఎక్కువ.

చుక్క నెత్తురు తీసింది నేనే. మెడ మీద చెయ్యి వేయగానే నన్ను పోల్చుకుంది, ఒక చెవి ఇటు తిప్పింది. దాని అంకె పట్టికలో ఎక్కడా ఇమడటం లేదు. నొప్పి మధ్యాహ్నం రెండింటికి మొదలైందని కాగితంలో ఉంది. మీరు వచ్చింది సాయంత్రం ఆరింటికి. నాలుగు గంటల్లో వచ్చిన ఏ గుర్రానికీ అందులో సగం కూడా లేదు. ఒక్క అంకెను పట్టుకుని ఇన్ని గంటలని చెప్పలేం, నిజమే. కానీ కోసి చూస్తే పేగు అప్పటికే నల్లబడింది. బూజు పట్టిన పొట్టు వల్ల తొందరగా చెడి ఉంటుందని పెద్ద డాక్టరు అంటున్నారు. నా అంకెను మాత్రం కొట్టేయమన్నారు, నమూనా మంచులో పెట్టడం నేను మర్చిపోయానేమోనని. మర్చిపోయానేమో. ఆ రోజు నా చేతులు నావి కావు.

ఒక్క సందేహం. ఎప్పుడు మొదలైందని అడిగితే నువ్వు ‘కూతప్పుడు’ అన్నావట. మిమ్మల్ని తెచ్చిన లారీ డ్రైవరు ‘వాళ్ల మిల్లు రెండింటికి కూస్తుంది’ అన్నాడట. నువ్వు తల ఊపావట. మన మిల్లు సైరన్ పొద్దున ఆరింటికీ కూస్తుంది కదా. ఏ కూత, అమ్మమ్మా?

నాన్న ఇక్కడే ఉన్నాడు. ఇక్కడి పాకలో గుర్రాలను చూసుకునే పని ఒకటి ఖాళీ అయింది. ఆయనకంటే తెలిసినవాడు దొరకడు. కానీ బూజు మేత వేసిన మనిషికి జబ్బు గుర్రాలను అప్పగించలేమంటున్నారు. ఇరవై ఆరో తేదీ, గురువారం, పెద్ద డాక్టరు తేల్చేస్తారు. నాకూ ఆయన మీద కోపంగానే ఉంది. ఒకే గదిలో ఉంటూ గోడకొకరం తిరిగి పడుకుంటున్నాం. ‘చూసుకోకుండా ఎలా వేశావు నాన్నా’ అంటే, ‘వేశాను’ అన్నాడు. అంతే.

జవాబు తొందరగా రాయించు.

నీ పిచ్చుక


మార్చి 11

పెద్ద చదువుల పిచ్చుకకు,

ఒత్తిడి అంటే రసమట! గుమస్తా చదివితే ఇద్దరం మొహమొహాలు చూసుకున్నాం. రసమైతే రసమని రాయొచ్చుగా, మనుషుల గుండెలదిరే మాట ఎందుకు? మీ పట్టికలో మాటలు సరిచేయడానికి నాలాంటిదాన్ని ఒకర్తిని పెట్టుకోమను, ఊరికే చేస్తాను.

చచ్చినదాని నెత్తురు సీసాలో దాచుకుని కూర్చున్నారన్నమాట. పూడ్చినప్పుడు మొత్తం పూడ్చామనుకున్నాను.

సరే, నేరుగా అడిగావు కాబట్టి చెబుతున్నా. ఒత్తాను. రసం సంగతి నాకు తెలియదు, చేత్తో ఒత్తిన మాట నిజం. గుడ్డ వేడిచేసి, ఉప్పు మూట కట్టి, పక్కటెముకల కింద నుంచి వెనక్కి ఒత్తుకుంటూ పోయాను. మీ ముత్తాత చేసేవాడు, ఎన్ని గుర్రాలు లేచి నిలబడలేదు! అది తప్పయితే ఉరి తీయండి. ముందు ఉత్తరంలో ఒత్తలేదన్నది, మీరు వేరే విధంగా తీసుకుంటారని.

ఇక కూత. మిల్లు కూస్తుంది. నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ కూస్తోంది. నాకు గడియారం చూడటం రాదు, ఆ సంగతి నీకు తెలుసు, నువ్వే నేర్పబోయి విసుక్కున్నావు. కూతప్పుడన్నాను. అందులో అబద్ధం ఏ మూలుందో చూపించు. తల ఊపావట అంటావు! గతుకుల్లో లారీలో వచ్చాను, మెడ పట్టేసింది, ఊగింది. ఊగిన తలకు కూడా నేనే పూచీ పడాలా? కోర్టులో కూడా నోటితో చెప్పిందే సాక్ష్యం, మెడతో చెప్పింది కాదు.

మీ నాన్న తడి పొట్టు వేశానన్నాడు. నేను అనమన్నానా? అనమనలేదు. ఆ పని రాకపోతే ఇంకో పని వస్తుంది. చేతులున్నాయిగా.

మిల్లు గోడ పక్క గది కప్పు కారుతోంది. ఇదివరకు మీ నాన్న ఎక్కి చూసేవాడు. నేను ఎక్కిస్తాను ఎవర్నో ఒకర్ని.

మీ అమ్మమ్మ
(వేలిముద్ర)

అమ్మాయీ, ఇది గుమస్తా రాస్తున్నాను. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్లింది. మాట తప్పుతున్నానని తెలుసు. ఒక్క సంగతి చెప్పాలి. ఈ మధ్య పొద్దున కూత మోగే వేళకు ఆవిడ ఎక్కడున్నా రెండు చెవులూ మూసుకుంటోంది. మధ్యాహ్నం కూతకు మూసుకోవడం లేదు.


మార్చి 14

అమ్మమ్మా,

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. ఒత్తావా అని నేను అడగలేదు. ఎవరూ అడగలేదు. ఉప్పు మూటకు గుర్రాలు చావవు. నేనడిగింది ఒక్కటే, నువ్వు జవాబివ్వనిదీ ఆ ఒక్కటే.

నాన్ననే అడిగాను. రోజూ మెట్ల మీద కూర్చుని ఎదుటి పాక కేసి చూస్తుంటాడు. పక్కన కూర్చుని, ‘నాన్నా, ఏ కూతప్పుడు?’ అన్నాను. చెప్పు అంచుకు అంటిన మట్టి గీకుతూ, ‘మీ అమ్మమ్మ ఏదంటే అదే’ అన్నాడు. ‘పొట్టుకు నిజంగా బూజుందా?’ అంటే, ‘ఉండే ఉంటుంది’ అన్నాడు. వేసిన మనిషి ఉందనో లేదనో చెబుతాడు. ఉండే ఉంటుంది అనడు.

ఇరవై రోజులు ఆయన వైపు తిరగకుండా పడుకున్నాను, అమ్మమ్మా. అమ్మ పోయినప్పుడు నాకు నాలుగేళ్లు. తన వాళ్ల దగ్గరికి పోకుండా, ఆ పాకలో నీ పక్కనే నిలబడి నన్ను పెంచిన మనిషి. ఆయన మీద రాసిన ఒక కాగితం ముక్కను నమ్మాను.

గుమస్తాగారు రాసింది చదివాను. చెవులెందుకు మూసుకుంటున్నావు?

నీ మీద కేసు పెట్టేవాళ్లు ఎవరూ లేరు. నువ్వు వ్యాజ్యమని మొదలుపెట్టావు కానీ అవతలి పక్షమే లేదు. గురువారానికి పన్నెండు రోజులుంది.

పిచ్చుక


మార్చి 17

అమ్మాయీ,

ముందు గుమస్తా సంగతి. నీ ఉత్తరం గడగడా చదువుకుంటూ వచ్చినవాడు ‘గుమస్తాగారు’ అన్న చోట ఆగిపోయాడు. గొంతులో ఏదో అడ్డం పడిందన్నాడు. మంచినీళ్లిచ్చి మళ్లీ చదవమన్నాను. చదివాడు. వాడి దొంగతనం వాడి నోటితోనే బయటపడింది. తిడదామనుకున్నాను. తిట్టడానికి నోరు రాలేదు.

మొదటి కూత.

ఇక్కడి నుంచి ఒక్క అక్షరం నున్నగా చెయ్యొద్దని గుమస్తాకు చెప్పాను.

పొద్దున కూత మోగుతుండగా తలుపు తీశాను. చుక్క ముందుకాలితో నేల గీరుతోంది. మెడ తిప్పి డొక్క కేసి చూసుకుంటోంది. నీళ్ల బకెట్టులో మూతి పెట్టి తాగకుండా తీసేసింది. మీ నాన్న దాని కడుపుకు చెవి ఆనించి విన్నాడు. ఇటు పక్క విన్నాడు, అటు పక్క విన్నాడు. ‘అత్తా, లోపల చప్పుడే లేదు. డాక్టర్ని పిలుస్తా’ అని మిల్లు ఫోన్ దగ్గరికి బయల్దేరాడు. నేను గేటుకు అడ్డం నిలబడ్డాను. ‘నా గుర్రం, నా ఇష్టం. గేటు దాటితే ఇటు మళ్లీ రాకు’ అన్నాను.

ఎందుకన్నానో కూడా విను. చుక్క తల్లి నీకు గుర్తుండదు. దానికి ఇలాగే వస్తే డాక్టర్ని పిలిపించాను. ఆయన దిగాడు, చూశాడు, లాభం లేదన్నాడు, మెడలో సూది గుచ్చాడు. నేను మంచినీళ్లు తెచ్చేలోపు అది నేల మీద ఉంది. అప్పటినుంచీ నాకు డాక్టరంటే సూది, సూదంటే గొయ్యి. ఇది సాకు. సాకని తెలిసే చెబుతున్నాను.

అతను వెనక్కొచ్చాడు. కళ్లెం పట్టుకుని పొద్దస్తమానం దాన్ని నడిపించాడు. నేను ఒత్తాను. గంటగంటకీ ‘అత్తా’ అన్నాడు, నేను ‘నోర్ముయ్’ అన్నాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి దాని నొప్పి తగ్గిపోయింది. గీరడం మానేసింది, నెమ్మదిగా నిలబడింది. నేను గెలిచాననుకున్నాను. మీ నాన్న వైపు చూసి నవ్వాను. అతను నవ్వలేదు. రెండో కూతకు అది చెమటలు కక్కుతూ కూలబడింది. అప్పుడు ‘పిలువు’ అన్నాను.

పొట్టుకు బూజు లేదు. నేనే జల్లించాను, నాకు తెలుసు. ఆసుపత్రిలో ఆ డాక్టరు కళ్లజోడు పైకి తోసి ‘ఎప్పుడు మొదలైంది’ అన్నాడు. కూతప్పుడన్నాను. డ్రైవరు రెండన్నాడు. ఊపాను. మెడ పట్టి కాదు. ఏం తిన్నదంటే అల్లుణ్ణి అడగండన్నాను. నన్ను కాపాడటానికి తడి పొట్టన్నాడు, అది నాకు అప్పుడే తెలుసు. తెలిసే ఇంటికొచ్చాక వెళ్లగొట్టాను. కళ్లెదుట ఉంటే చూడలేకపోయాను.

ఈ కాగితం డాక్టరుకు ఇవ్వు. ఒకటి అడుగుతున్నా, ముసలిదాన్నని జాలిపడి అబద్ధం చెప్పకు. మొదటి కూతకే తెచ్చి ఉంటే బతికేదా?

అమ్మమ్మ
(వేలిముద్ర, రెండుసార్లు)


మార్చి 20

అమ్మమ్మా,

మూడు రోజులుగా ఈ జవాబు మొదలుపెట్టి చింపేస్తున్నాను. అబద్ధం వద్దన్నావు.

పేగు మెలికతో మా దగ్గరికి పద్నాలుగు గుర్రాలు వచ్చాయి. నొప్పి మొదలైన కాసేపటికే వచ్చినవి ఆరు, వాటిలో నాలుగు బతికాయి. బాగా ఆలస్యంగా వచ్చినవి ఎనిమిది. ఒకటి బతికింది. చుక్కకు ఇరవై రెండేళ్లు పైబడ్డాయి, త్వరగా తెచ్చినా బతికేదని గట్టిగా చెప్పలేను. బతికే వీలుండేది. అంతవరకే నాకు తెలుసు.

ఇంకోటి కూడా చెప్పాలి, వేరే ఎవరి నోటనో వినేకంటే నేను చెప్పడమే మంచిది. మధ్యాహ్నం నొప్పి తగ్గడం బాగవడం కాదు. పేగు చచ్చిపోతే దానికి నొప్పి తెలియదు. బయటికి నెమ్మదిగా నిలబడింది కానీ నెత్తుట్లో ఆ రసం పొంగుతూనే ఉంది. అందుకే ఆ అంకె. నేను నమూనా పాడుచేయలేదు.

నీ ఉత్తరం ముందు నాన్నకు చదివి వినిపించాను. గేటు సంగతి దగ్గరికి వచ్చేసరికి లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. అయిపోయాక చెయ్యి చాపి కాగితం తీసుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ‘ఇది డాక్టరుకు ఇవ్వొద్దు’ అన్నాడు. ‘ఆవిడ గుర్రాల సంగతి తెలిసిన మనిషని చుట్టుపక్కల పేరు. ఈ వయసులో అది ఆసుపత్రి గుమ్మంలో పడటం నాకిష్టం లేదు. నాకు లారీల మీద మూటలు దించే పనైనా దొరుకుతుంది.’ నేను గట్టిగానే వాదించాను. ‘నోర్ముయ్’ అన్నాడు. ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు, నీ దగ్గరే నేర్చుకున్నట్టున్నాడు.

నేనూ ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను. ‘నువ్వేం చేశావే’ అన్నాడు. అది ఇంకా బరువుగా ఉంది.

జేబులోంచి ఎలా తియ్యను? ఏం చెయ్యమంటావో చెప్పు.

నీ పిచ్చుక


మార్చి 23

పిచ్చుకా,

బతికే వీలుండేది అన్నావు. ఆ ముక్క గుమస్తా చేత మళ్లీ చదివించుకోలేదు. ఒక్కసారికే పట్టింది. నిజం చెప్పావు, అబద్ధం చెప్పి ఉంటే నిన్నింకెప్పుడూ నమ్మేదాన్ని కాదు.

అది నెమ్మదిగా నిలబడినప్పుడు నేను నవ్వానని చెప్పానే, లోపల దానికి పేగు చచ్చిపోతుంటే నేను పళ్లన్నీ కనబడేలా నవ్వాను. దానికి నేను చెయ్యగలిగిందేమీ లేదు. గుర్రానికి క్షమాపణ చెప్పుకునే వీలు ఎవరూ కనిపెట్టలేదు, మీ ఆసుపత్రి వాళ్లు కూడా.

మనిషికి చెప్పుకోవచ్చు. ఈ కింది నాలుగు ముక్కలు మీ నాన్నకు చదువు.

అల్లుడూ, నీ పెద్దమనసు నాకొద్దు. నా పేరు నిలబెట్టడానికి నువ్వు మూటలు దించితే, ఆ పేరు పెట్టుకుని నేను ఏ మొహంతో తిరగాలి? కాగితం నీ జేబులో ఉంచుకో, చలికి వెచ్చగా ఉంటుంది. కాగితాన్ని మడిచి జేబులో పెట్టొచ్చు, నన్ను పెట్టలేవుగా. గురువారం మొదటి బస్సుకు నేనే వస్తున్నాను. నువ్వు పాక దగ్గర ఉండకపోయినా పరవాలేదు, మాట్లాడకపోయినా పరవాలేదు. తిరిగి రమ్మని అడగను. అడిగే అర్హత ఆ గేటు దగ్గరే పోగొట్టుకున్నాను.

మళ్లీ నీకు, పిచ్చుకా. గుమస్తా తోడొస్తున్నాడు, మిల్లులో సెలవు పెట్టాడు. ఆ పెద్ద డాక్టరు గది ఎన్నో అంతస్తో కనుక్కుని ఉంచు, ఈ మోకాళ్లతో మెట్లెక్కి వెతకలేను. వెళ్లగానే కుర్చీ వేస్తానంటాడు. నేను నిలబడే చెబుతాను.

ఇందాక గుమస్తాను డాక్టరుగా కూర్చోబెట్టి చెప్పి చూశాను. కళ్లజోడు పైకి తోసి ‘ఎప్పుడు మొదలైందమ్మా’ అన్నాడు. ‘కూతప్పుడు’ అన్నాను. మళ్లీ అడగమన్నాను. మళ్లీ అదే వచ్చింది నోటికి, సిగ్గులేని నోరు. మూడోసారికి ‘పొద్దున’ అని వచ్చింది. గురువారం అక్కడ మొదటిసారికే రావాలి.

మీ అమ్మమ్మ
(వేలిముద్ర)